దూడ వెంట వచ్చిన సీసాలు

మూడో దూడ కూడా మంగళవారం మధ్యాహ్నం, అజాన్ వినబడుతుండగా కాళ్ళు చాపేసింది. పేరమ్మ చేతిలో ఉన్న గంజి బకెట్టుని ఎత్తి ఖర్జూరపు మట్టల దడికేసి కొట్టింది. బకెట్టు పగల్లేదు. అది పగలకపోవడం చూసి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

ఏడుపు రాలేదు. మొదటి దూడ పోయినప్పుడు ఏడ్చింది. రెండోదానికి ముక్కు చీది ఊరుకుంది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఎవరి మీద కోప్పడాలో తెలిస్తే కాస్త తేలికపడేది. అది తెలియక దూడ మీద, దాని తెల్లపారుడు మీద, పాలపొడి డబ్బా మీద, ఆ డబ్బా మీద నవ్వుతున్న ఆవు బొమ్మ మీద, అన్నిటి మీదా కోప్పడింది. ఆ తర్వాత పార తీసుకుని దొడ్డి వెనక ఎండిపోయిన వాగులోకి వెళ్ళి గొయ్యి తవ్వింది. రాళ్ళ నేల. పార తగిలినప్పుడల్లా నిప్పురవ్వలు లేచాయి.

పేరమ్మది నిడదవోలు దగ్గర పల్లెటూరు. దుబాయ్‌కి అవతల కల్బా ఊరు దాటి కొండల వైపు పోయే రోడ్డు పక్కన ఉన్న ఈ మజ్రాకి, అంటే తోట ఇంటికి, వంటకీ గిన్నెలకీ బట్టలకీ అని వచ్చింది. వచ్చి నాలుగేళ్ళయింది, మధ్యలో ఒక్కసారి ఊరెళ్ళింది. ఇంటి యజమానురాలు ఉమ్ సయీద్. ఆమెని పనివాళ్ళంతా 'మామా' అని పిలవాలి. మన దగ్గర మామ అంటే మీసాలుండాలి, ఇక్కడ మామా అంటే అమ్మ. మొదటి వారమంతా ఆ పిలుపుకి పేరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. తర్వాత నవ్వు పోయింది, పిలుపు మాత్రం మిగిలింది.

ఆ చలికాలం, అంటే 2014 నవంబరులో, ఉమ్ సయీద్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆమెకి తొమ్మిదిమంది పిల్లలు. ప్రతి శుక్రవారం వాళ్ళూ, వాళ్ళ పిల్లలూ అందరూ తోటలోనే భోజనం. మాంసం లేకపోతే ముద్ద దిగదు. ఆమె మొగుడు ముసలాయనకి వచ్చేది పింఛనొక్కటే. అక్కడికి గంట దూరంలో ఒక పెద్ద పాలడెయిరీ ఉంది. దానికి ఆడదూడలే కావాలి. మొగదూడ పుడితే, తీసుకుపోతే చాలన్నట్టు ఇచ్చేస్తారు. పుట్టినదాన్ని పుట్టినట్టే తెచ్చి, రెండున్నర నెలలు పాలపొడి కలిపి పట్టి, ఆ తర్వాత ఎండిన రొట్టెలూ ఖర్జూరాలూ గడ్డీ వేసి ఏడాది పెంచితే ఇంటిల్లిపాదికీ పెద్దకూర. ఆలోచన బాగానే ఉంది. చెయ్యాల్సింది మాత్రం పేరమ్మ. ఊళ్ళో మాకు గేదెలుండేవి అని ఒకసారి నోరు జారింది, అదీ ఆమె చేసిన నేరం.

నవంబరులోనే పేరమ్మ ఊరెళ్ళడానికి చుట్టీ, అంటే సెలవు, అడిగింది. కూతురు సుధారాణికి మొదటి కాన్పు. ఈస్టర్ పండక్కి అటూ ఇటూగా నెలలు నిండుతాయి. ఆ వేళకి అక్కడుండాలి. వియ్యాలవారు మంచివాళ్ళే, కానీ వియ్యపురాలిది పాతకాలపు చాదస్తం. సుధారాణి నోట్లో నాలుక లేని పిల్ల.

ఉమ్ సయీద్ కాదనలేదు. తలుపు దగ్గర నిలబడి, తనకి వచ్చిన నాలుగు ఉర్దూ ముక్కల్లో చెప్పింది. "పేరమ్మా, దూడ దూద్ ఛోడేగా, ఘాస్ ఖాయేగా, ఫిర్ తుమ్ రూహ్ బలద్." దూడలు పాలు మాని గడ్డి తిన్నాక నీ దేశం పో. కొత్తగా వచ్చేదానికి చంటిదూడల పని తెలీదు గదా అని.

సరే, జనవరి చివరికి అయిపోతుంది, ఇంకా రెండు నెలలు చేతిలో ఉంటాయి అనుకుంది పేరమ్మ. కానీ తెచ్చిన రెండు దూడల్లో ఒకటి ఆరో రోజున, ఇంకోటి తొమ్మిదో రోజున చచ్చిపోయాయి. డిసెంబరులో మళ్ళీ రెండు తెచ్చారు. వాటిలో చెవికి నల్లమచ్చ ఉన్నది నిలబడింది. రెండోది ఇదిగో, ఈ మంగళవారం. ఒకటి పోయినప్పుడల్లా దాని బదులు ఇంకోటి వస్తుంది, పేరమ్మ చుట్టీ మళ్ళీ మొదటికొస్తుంది. ఈసారి వచ్చేది మార్చి చివరికి గానీ గడ్డి తినదు. అదీ బతికితే.

ఏం తక్కువ చేసింది? బకెట్టు ప్రతి పూటా మరిగే నీళ్ళతో కడిగింది. పాలపొడి కలిపి మోచేతి మీద చుక్క వేసుకుని వేడి చూసింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి, దూడ వేళ్ళు చీకుతుండగా మెల్లగా దాని మూతిని పాలలోకి దించింది. చలికి గోనెసంచులు కుట్టి కప్పింది. పారుడు పట్టుకోగానే ఉప్పు వేసిన గంజి, దానిమ్మ తొక్క కషాయం. వంటింట్లో తన గంజి కూడా పొయ్యి మీద పెట్టుకోలేదు అన్ని రోజులూ. చివరికి ఉమ్ సయీద్ దొడ్డిలోకి వచ్చి, చచ్చిన దూడని చూసి, నాలుక చప్పరించి, నీ చెయ్యి మంచిది కాదు అన్నట్టు పేరమ్మ అరచేతిని తిప్పి చూసి వెళ్ళిపోయింది.

ఆ చూపు పేరమ్మ మర్చిపోలేదు.

దూడల్ని తెచ్చేవాడు అంజిబాబు. డెయిరీలో పాలు పితికే పని. వాళ్ళది పెనుగొండ అవతల. వరస కలిపి పిన్నీ అంటాడు. దూడని బండి దించగానే పేరమ్మ అడిగే మొదటి మాట, ముర్రుపాలు తాగిందా అనే. పుట్టిన పూట తల్లి దగ్గర పసుపుపచ్చగా చిక్కగా వచ్చే ఆ పాలు కడుపులో పడకపోతే దూడకి పారుడు తట్టుకునే సత్తువ రాదు. ఈ సంగతి గేదెలు కాసిన ఎవరికైనా తెలుసు.

"తల్లి దగ్గర నిలబెట్టి కడుపునిండా తాగించే తెచ్చాను పిన్నీ. నీ మీద ఒట్టు," అనేవాడు అంజిబాబు.

మనూరివాడు, మన మాట మాట్లాడేవాడు. ఇంకేం కావాలి? పైగా దూడల్ని తెచ్చిన రెండుసార్లూ మర్నాడు స్టీలు డబ్బాలో జున్ను తెచ్చి ఇచ్చాడు. బెల్లం, మిరియాలు, యాలకులు అన్నీ సరిగ్గా పడ్డ జున్ను. కదిపితే వణికే జున్ను. నాలుగేళ్ళ తర్వాత ఆ వాసన తగిలేసరికి పేరమ్మకి కూర్చునే ఓపిక కూడా లేకపోయింది. దొడ్డి గుంజకి ఆనుకుని నిలబడే తినేసింది. డబ్బా వేలితో తుడిచి నాకింది. "నా తండ్రే, నీ కడుపు చల్లగుండ," అని వాడి బుగ్గలు పుణికింది.

శుక్రవారం పొద్దున్న కొత్త దూడ వస్తుందని కబురొచ్చింది. ఇంట్లో వంట పొయ్యి మీద పెట్టి పేరమ్మ గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఒక పెద్ద తెల్ల కారు ఆగి ఉంది. అందులోంచి ఒక పెద్దావిడ దిగింది. నీలం రంగు వెంకటగిరి చీర, చెవులకి రవ్వలు. కారులో స్టీరింగు ముందు కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి.

"ఏమ్మా, నువ్వు తెలుగేనా? పేరమ్మంటే నువ్వేనా?" అంది ఆవిడ. "అంజిబాబు ఇక్కడే ఉండమన్నాడు. డెయిరీ గేటు దగ్గర బయటివాళ్ళని నిలబడనివ్వరట కదా."

పేరమ్మకి ప్రాణం లేచొచ్చింది. అరబ్బీ, ఉర్దూ విని విని తోమి తోమి అరిగిన గిన్నెల్లా అయిపోయిన చెవులు. "రండమ్మగారూ, కూకోండి. ఏం పని మీద వచ్చారండి ఇంత దూరం?"

ఆవిడ పేరు బాలత్రిపురసుందరి. భర్త వీరరాఘవరావు దుబాయ్‌లో ఒక కంపెనీలో లెక్కల మేనేజరు. వాళ్ళది విజయవాడ. పదకొండేళ్ళుగా ఇక్కడే. "జున్నుపాల కోసమమ్మా. అంజిబాబు తెచ్చిస్తాడు. ఇది మూడోసారి. పోయినసారి మా బిల్డింగులో తెలుగువాళ్ళందరికీ పంచాను. మా కోడలు శ్రీసుధ అయితే గిన్నె దాచుకుని తిన్నది."

"బతికించారు. జున్నంటే మా ఇంట్లోనూ పడి సత్తారండి," అంది పేరమ్మ నవ్వుతూ. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే తర్వాత ఆమెకి తన మూతి మీద తనే కొట్టుకోవాలనిపించింది.

సుందరమ్మ దడి దాకా వచ్చి నల్లమచ్చ చెవి దూడని చూసింది. దాని నుదురు నిమిరి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. "ఎంత ముద్దుగా ఉందో! పేరేం పెట్టావు?"

"పేరెందుకండి దానికి."

"అదేమిటమ్మా? మొగదూడ కదూ. ఇక్కడ దుక్కులా, బళ్ళా? ఎందుకు పెంచుతున్నారు మరి?"

"కూరకండి."

ఆవిడ చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. మొహం ఎర్రబడింది. "నీ చేత్తో పాలు పట్టి పెంచుతున్నావా కొయ్యడానికి? గోవుని! నీకు చేతులెలా వస్తున్నాయమ్మా?"

"కొయ్యడం నేను కాదండి. మగోళ్ళు కోత్తారు. పెంచడమే నా పని."

"నువ్వు హిందువువేనా?"

"కాదండి."

"తింటావా నువ్వు కూడా?"

"తింటానండి," అంది పేరమ్మ. దాచుకోవడానికి అందులో ఏముందో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు. "మా తాతల కాడ్నించీ తింటాం."

"సుందరీ, ఇలా రా. మనకెందుకు?" అన్నాడు కారులోంచి వీరరాఘవరావు. ఆవిడ వెళ్ళలేదు. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, దడికి రెండడుగులు ఎడంగా జరిగి నిలబడింది.

అప్పుడే డెయిరీ బండి వచ్చింది. ఎప్పుడూ బండి తోలేది అంజిబాబే. ఈసారి అతను వెనక దూడని పట్టుకుని కూర్చున్నాడు, తోలుతున్నది అమీర్ జాన్ అనే పఠాను. డెయిరీలో చంటిదూడల కొట్టం చూసే ముసలాయన. పంపిన దూడలు నిలవడం లేదని విని తనే బండి తీశాడట. బండి ఆపి దిగాడు. ముందు సీటు మీద నుంచి ఐసు పెట్టె తీసి, మూత తెరిచి, నాలుగు పెద్ద సీసాలు ఒక్కొక్కటే పేరమ్మ చేతుల్లో పెట్టాడు. రబ్బరు పీకలున్న సీసాలు. లోపల పసుపుపచ్చటి చిక్కటి పాలు.

"ఏ ఇస్ బచ్చే కా దూద్ హై, అమ్మా," అన్నాడు దూడని చూపిస్తూ. "ఇస్‌కీ మా కా. దో అభీ పిలావ్, దో షామ్ కో. ఇస్ బార్ బచ్చా మర్‌నా నహీ." దీని తల్లి పాలే ఇవి, రెండు ఇప్పుడు పట్టు, రెండు సాయంత్రం, ఈసారి దూడ చావకూడదు అని.

అంజిబాబు వెనక నుంచి ఒక్క దూకు దూకాడు. "అమీర్ భాయ్, అయి ఇలా ఇయ్యి, అయి నేను చూసుకుంటాను..."

పేరమ్మ సీసాలు ఇవ్వలేదు. దగ్గరికి హత్తుకుంది. అవి ఇంకా చల్లగా ఉన్నాయి. "ప్రతి దూడకీ పంపుతావా భాయ్ ఇయ్యి?"

"హర్ బచ్చే కో," అన్నాడు అమీర్ జాన్, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. దూడ ఎక్కడికి పోయినా దాని తల్లి పాలు నాలుగు సీసాలు దాని వెంట పోవలసిందే, అది తన కొట్టంలో పద్ధతి అన్నాడు. అమ్మకానికి పోయినా, కోతకి పోయినా.

పేరమ్మ అంజిబాబు వంక చూసింది. ఆ తర్వాత కారు వంక. కారు డిక్కీ అప్పటికే తెరిచి ఉంది. అందులోనూ ఒక ఐసు పెట్టె ఖాళీగా సిద్ధంగా ఉంది. దూడ ఇక్కడ దిగిపోతుంది, దాని పాలు దుబాయ్ పోతాయి. ఒకే బండిలో వచ్చి రెండూ చెరోవైపు పోతాయి.

"ఒరేయ్ అంజీ," అంది పేరమ్మ. గొంతు మామూలుగానే వచ్చింది. "నవంబరులో రెండు. మొన్న ఒకటి. వాటి సీసాలేయిరా?"

"పిన్నీ, నువ్వు కోప్పడకుండా ఇను. అక్కడా ఇక్కడా తాగుతూనే ఉంటాయి గదా..."

"నా మీద ఒట్టేసేవు. నా మీద! నేను సచ్చినా నీకు పర్లేదన్నమాట. ఇక్కడ గంజి కాసి, కషాయం పోసి, రాత్రీ పగలూ వాటి పేడ కడిగి, నా చెయ్యి మంచిది కాదనిపించుకున్నానురా సచ్చినోడా! నా చుట్టీ పోయింది! కడుపుతో ఉన్న నా కూతురు అక్కడ నా కోసం చూత్తంది!"

"అరవకు పిన్నీ, అమ్మగారున్నారు," అన్నాడు అంజిబాబు. దొరికిపోయిన మనిషికి ఎక్కడినుంచో ఒక తెగింపు వస్తుంది, అది వచ్చింది. "అయినా కోతకి పోయే దూడే గదా. ఎలాగూ కోసేదానికి ముర్రుపాలెందుకు? మనోళ్ళు ఎంత దూరం నించో వత్తే, ఓ గిన్నెడు జున్ను..."

"కోసేదాకా బతకొద్దంట్రా? చచ్చిందాన్ని ఈళ్ళు ముట్టుకోరు, తెలీదూ? మూడింటిని వాగులో పాతాను. కుక్కలు తవ్వకుండా రాళ్ళు మోసి పెట్టాను." పేరమ్మ సుందరమ్మ వైపు తిరిగింది. అరికాలి మంట నెత్తికెక్కింది. "అమ్మగారూ, నన్ను తింటావా అనడిగారు. తింటానండి. ఎదిగిందాన్ని కోసుకు తింటాం. అంతేగానీ, పుట్టి పూట గడవని దాని నోటికాడ పాలు లాక్కుని మేమెప్పుడూ తినలే..."

మాట అక్కడ ఆగిపోయింది.

బెల్లం, మిరియాలు, యాలకులు. దొడ్డి గుంజకి ఆనుకుని నిలబడి, వేలితో తుడిచి నాకిన డబ్బా. అప్పుడు తన వెనకాలే రెండు చంటిదూడలు మూతులు చాచి అరుస్తున్నాయి. ఆకలికి అరుస్తున్నాయి అనుకుని వాటికి పాలపొడి కలిపింది.

అంజిబాబు కూడా అదే పట్టుకున్నాడు. "నువ్వూ తిన్నావుగా పిన్నీ. రెండుసార్లూ తిన్నావు. నా కడుపు చల్లగుండాలన్నావు."

పేరమ్మకి అతన్ని చెంప పగలగొట్టాలనిపించింది. చేతుల్లో సీసాలున్నాయి. లేకపోతే ముందు ఆ చెంప, తర్వాత తన చెంప. అన్నేళ్ళు గేదెలు కాసింది. ఈనిన గేదె దగ్గర దూడ తాగగా మిగిలిందే ఇంటికి అని అత్తగారితో దెబ్బలాడింది. పరాయి దేశంలో ఎవరో డబ్బా చేతిలో పెట్టేసరికి ఈ జున్ను ఏ దూడదిరా అని ఒక్క మాట అడగలేదు. మనూరివాడు తెచ్చాడని, మనూరి వాసనొచ్చిందని అడగలేదు.

"తిన్నాను," అంది. "తిన్నాను గాబట్టే ఈ సీసాలు నీకియ్యను. ఏటి చేసుకుంటావో చేసుకో."

దూడ బండిలో నిలబడలేక కూలబడి ఉంది. ఇంకా పూర్తిగా ఆరని ఒళ్ళు. అమీర్ జాన్ దాన్ని ఎత్తి ఇసకలో దించాడు. పేరమ్మ సీసాని చంకలో పెట్టి కాస్త వేడి తగిలేలా నలిపి, దూడ పక్కన చతికిలబడి రెండు వేళ్ళు దాని నోట్లో పెట్టింది. అది చీకలేదు. నాలుక చల్లగా ఉంది. "చీకరా, నీ దుంప తెగ, చీకు," అని తిడుతూ అంగిలి మీద వేళ్ళతో రాసింది. చాలాసేపటికి నాలుక కదిలి వేళ్ళని చుట్టుకుంది. మెల్లగా వేళ్ళ మధ్య పీక దూర్చింది. మొదటి గుక్క సగం బయటికి పోయింది. రెండోది దిగింది.

సుందరమ్మ అక్కడే నిలబడి ఉంది. కారు ఎక్కబోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఇప్పుడు తాగితే బతుకుతుందా?" అని చిన్న గొంతుతో అడిగింది.

పేరమ్మ సీసా ఇంకాస్త పైకెత్తి పట్టింది. మంచిదో చెడ్డదో, ఆవిడతో మాట్లాడే ఓపిక ఆమెకి లేదు. ఆవిడ డిక్కీ మూయించి వెళ్ళిపోయింది.

ఆ దూడ బతికింది. మూడో రోజున పారుడు పట్టుకుని, అయిదో రోజుకి దానంతటదే కట్టింది. ఫిబ్రవరికి నల్లచెవి దూడతో కుమ్ములాడింది. మార్చి మూడోవారానికి బర్సీమ్ గడ్డి పరకలు నోట్లో పెట్టుకుని, దాంతో ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నట్టు నిలబడి, చివరికి నమలడం నేర్చుకుంది. పేరమ్మ ఆ రోజే గదిలో సంచి సర్దుకుంది. సుధారాణికి నెలలు నిండడానికి ఇంకా రెండు వారాలుంది. అంజిబాబు ఫోను చేసినా ఎత్తలేదు. కోపం తగ్గుతుందేమో అనుకుంది గానీ తగ్గలేదు, గంజి కాసినప్పుడల్లా మళ్ళీ మరిగింది.

దూడ గడ్డి తింటోందని చెప్పడానికి ఉమ్ సయీద్ దగ్గరికి వెళ్ళబోతుంటే గేటు దగ్గర డెయిరీ బండి హారను వినిపించింది. అమీర్ జాన్ దిగాడు. వెనక రెండు చంటిదూడలు. ఐసు పెట్టెలో ఎనిమిది సీసాలు.

ఉమ్ సయీద్ గుమ్మంలోకి వచ్చింది. మొహాన మెరిసే ముసుగు బురఖా, చేతుల నిండా గోరింటాకు. ఎంతో సంతోషంగా ఉంది. "పేరమ్మా, నీ చెయ్యి జైన్, చాలా మంచి చెయ్యి! ఇంకో రెండు మంగ్తా. ఏ దో ఘాస్ ఖాయేగా, ఫిర్ తుమ్ రూహ్."

చచ్చిపోతే చెయ్యి చెడ్డదని చుట్టీ పోయింది. బతికితే చెయ్యి మంచిదని పోయింది. "మామా, తుమ్ బోలా! దూడ గడ్డి ఖాయేగా, నేను రూహ్ అని తుమ్ బోలా!" అని అరిచింది పేరమ్మ. ఉమ్ సయీద్ చెయ్యి ఊపింది. సబర్, సబర్. ఓర్చుకో.

దూడలు అరుస్తున్నాయి. వాటి తప్పేముంది? పళ్ళు నూరుతూ పేరమ్మ ఇసకలో చతికిలబడింది. సీసా చంకలో పెట్టి వెచ్చబెట్టి, మొదటిదాని నోట్లో వేళ్ళు పెట్టింది. అది రెండు గుక్కలు మింగిందో లేదో, నడుముకి దోపుకున్న ఫోను మోగింది. అల్లుడు వాసు.

"అత్తయ్యా, ఆడపిల్ల! తెల్లారగట్ల పుట్టేసింది. ముందే వచ్చేసింది. ఇద్దరూ బాగానే ఉన్నారండి. ఇదిగో, సుధ మాట్లాడుద్దంట."

వెనకాల పసిపిల్ల ఏడుపు. సన్నగా, ఆగకుండా. పేరమ్మ ఫోనుని భుజంతో చెవికి నొక్కి పట్టుకుంది. "అమ్మా..." అంది సుధారాణి.

"పాలిచ్చావా?"

"ఇంకా పళ్ళేదమ్మా. పసుపుపచ్చగా జిగట జిగటగా వత్తన్నాయి. నర్సమ్మ అయ్యే పట్టమని చెప్పి ఎల్లింది. అత్తయ్యగారేమో అయి చెడ్డపాలు, పిల్లకి పడవని గిన్నెలోకి పిండి పారబోత్తన్నారు. మూడోనాటికి తెల్లపాలు పడతాయంట. అందాకా పంచదార నీళ్ళు..."

పేరమ్మ తన చేతిలో ఉన్న సీసా వంక చూసింది. పసుపుపచ్చగా, జిగట జిగటగా. దూడ కళ్ళు మూసుకుని చీకుతోంది.

"సుధా," అంది. "నువ్వు పుట్టినప్పుడు మీ నాయనమ్మ నా చేత కూడా అలాగే పిండించి గోడ పక్కన పారబోయించింది. నువ్వు నెల్లాళ్ళు బతుకుతావో లేదో అన్నట్టున్నావు. అప్పుడు నాకు నోరు లేదు. ఇప్పుడుంది. ఫోను మీ అత్తకియ్యి."

"అమ్మా, అరవకమ్మా, ఇక్కడ అందరూ..."

"ఇయ్యమన్నానా!"

వియ్యపురాలు వచ్చింది. "వదినగారూ, కులాసానా? మనవరాలు అచ్చం మీ పోలికే..."

"వదినా, ఆ గిన్నె కింద పెట్టు."

"అది కాదండి, మా కాడ ఎప్పుడూ మొదటిపాలు..."

"గిన్నె కింద పెట్టమన్నాను!" పేరమ్మ అరుపుకి అమీర్ జాన్ బండిలోంచి తల బయటికి పెట్టాడు. "ఈ చేతుల్తో మూడు దూడల్ని పాతిపెట్టాను వదినా, ఆ పసుపుపాలు పడకే! కోసుకు తినడానికి పెంచే దూడక్కూడా ఈ దేశంలో ఆ పాలు సీసాలో పోసి ఎంట పంపుతారు. ఎంట పంపుతారు వదినా! నా మనవరాలికి పంచదార నీళ్ళా? దాని నోటికాడ పాలు నేలపాలు చేత్తారా? పిల్లని తల్లి దగ్గర ఎయ్యి. ఇప్పుడే ఎయ్యి. అది తాగేదాకా నేను ఫోను పెట్టను. పెట్టేత్తే మళ్ళీ చేత్తాను. పొద్దుగూకేదాకా చేత్తాను!"

అవతల గొడవ గొడవగా మాటలు. వాసు గొంతు, "అమ్మా, అత్తయ్య చెప్పినట్టు చెయ్యి" అంటూ. మంచం కిర్రుమంది. ఏడుపు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"పేరమ్మా!" గుమ్మంలోంచి ఉమ్ సయీద్ కేకేసింది. రెండో దూడ అరుస్తోంది, దానికి పాలు పట్టలేదు, యల్లా, యల్లా, తొందరగా.

పేరమ్మ లేచింది. రెండో సీసా తీసుకుని గుమ్మం దాకా నడిచి, ఉమ్ సయీద్ చేతిలో పెట్టింది. నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఆమె యజమానురాలి చేతిలో పని పెట్టడం అదే మొదటిసారి. ఉమ్ సయీద్ సీసా వంకా, పేరమ్మ వంకా చూసింది. ఏం చూసిందో ఏమో, అరవబోయిన మనిషి అరవలేదు.

"దో ఉంగ్లీ నోట్లో పెట్టు మామా," అంది పేరమ్మ, తన వేళ్ళు చూపించి. "ముందు వేళ్ళు చీకుద్ది. తర్వాత సీసా. నీ దూడ, నువ్వే పట్టు. నేను ఊరెళ్ళాలి."

చెప్పి, వెనక్కి తిరిగి, ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. ఏడుపు తెగి తెగి వస్తోంది. ఒకసారి ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి ఆగి, ఆగిపోయింది.

"పట్టుకుందమ్మా," అంది సుధారాణి. ఆ పిల్ల గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు. "తాగుతోంది."

పేరమ్మ అప్పుడు కూడా ఫోను పెట్టలేదు. ఇసకలో అలాగే నిలబడి వింటోంది. అమీర్ జాన్ ఎత్తి తెచ్చి గుమ్మం మెట్టు మీద పెట్టిన దూడ నోట్లో ఉమ్ సయీద్ గోరింటాకు వేళ్ళు పెట్టి, అది నాలుకతో చుట్టుకోగానే కెవ్వుమని, మళ్ళీ పెట్టింది. ఆమెకి పని పట్టుబడడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజున, ఆమె తన దగ్గరే ఉంచుకున్న పేరమ్మ పాస్‌పోర్టు బల్ల మీద ఉంది.

వెళ్ళే ముందు పేరమ్మ ఒక్కటే చెప్పింది. దూడ వచ్చినప్పుడు ముందు దూడని చూడకు మామా, ముందు సీసాలు అడుగు.